నేను టీవీకి పంపిన అక్కచెల్లెళ్ళు

సాయంత్రం ఏడింటికల్లా వంట ముగించి టీవీ ముందు కూర్చోవడం కొన్నేళ్ళపాటు నాకు అలవాటు. పొద్దున జగ్గయ్యపేటలో బస్సెక్కి నందిగామ వెళ్ళి, బాలికల స్కూల్లో తెలుగు పాఠాలు చెప్పి, మళ్ళీ బస్సులో నిలబడి ఇల్లు చేరేసరికి ఒళ్ళు హూనమయ్యేది. అయినా ఆ ప్రోగ్రాం మాత్రం వదిలేదాన్ని కాదు. విడిపోయిన మొగుడూపెళ్ళాలు, మాటల్లేని అన్నదమ్ములు, ఇల్లొదిలి వెళ్ళిపోయిన కూతుళ్ళు వచ్చి ఎదురెదురు సోఫాల్లో కూర్చునేవాళ్ళు. మధ్యలో పెద్ద బొట్టు పెట్టుకున్న ఒకావిడ మెత్తటి గొంతుతో, మనసులో ఏముందో చెప్పమ్మా అని అడిగేది. మొదట అరుపులు, తర్వాత ఏడుపులు, చివర్లో తీర్పు. నలభై నిమిషాల్లో ఏదో ఒకటి తేలిపోయేది. నాకు నచ్చింది అదే. మన ఇళ్ళల్లో ఏదీ తేలదు. ఎప్పుడో పెళ్ళి భోజనాల దగ్గర అన్న మాట ఇరవై ఏళ్ళు నానుతూ ఉంటుంది. అన్నవాళ్ళు మర్చిపోతారు, పడ్డవాళ్ళు మర్చిపోరు, ఎవరూ ఎవర్నీ కూర్చోబెట్టి అడగరు.

మావారికి ఆ ప్రోగ్రాం గిట్టేది కాదు. మొదలవగానే పేపరు పట్టుకుని వరండాలోకి వెళ్ళిపోయేవారు. సంసారాలు బజారున పడుతుంటే చూసి సంతోషించడమేమిటని ఆయన బాధ. అయితే వరండాలోకి టీవీ బాగానే వినపడుతుంది. భోజనానికి కూర్చున్నాక, ఆ పిల్లవాడి తప్పేం లేదని ఆయనే తీర్పు చెప్పిన రోజులూ ఉన్నాయి.

మా అత్తగారి పద్ధతి వేరు. ఆవిడ మాట్లాడేవాళ్ళని చూసేది కాదు. వెనక వరసలో కూర్చున్న చుట్టాల మొహాలు చూసేది. ఎవరు తల దించుకున్నారో, ఎవరు నవ్వాపుకుంటున్నారో కనిపెట్టి, తప్పెవరిదో నాకన్నా ముందే చెప్పేది. సీరియల్లో ఏడుపు ఎవరో రాసిస్తారనీ, వీళ్ళది సొంత ఏడుపనీ, అందుకే ఇది చూడబుద్ధేస్తుందనీ అనేది.

నేను ఆ ప్రోగ్రాంకి పంపిన అక్కచెల్లెళ్ళలో చెల్లెలు మా వీధి మొదట్లో చిన్న గదిలో మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేది. మెడ దగ్గర ముడత పడకుండా కుట్టే చెయ్యి ఆవిడది. కొలత జాకెట్టు ఇస్తే చాలు, మళ్ళీ వేసుకుని చూడక్కర్లేదు. అక్క నందిగామలో నాతోపాటే పనిచేసేది, సోషల్ టీచరు. స్టాఫ్ రూములో నా పక్క కుర్చీ ఆవిడదే. ఏళ్ళ తరబడి మధ్యాహ్నం డబ్బాలు విప్పుకుని కూరలు పంచుకున్నాం. ఇద్దరూ ఒక తల్లి బిడ్డలని నాకు చాలాకాలం తెలియదు. ఒకసారి చేతుల మోడల్ చూపించడానికి నా ఫోనులో స్కూలు వార్షికోత్సవం ఫొటో తీస్తే, చెల్లెలు ఫోను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసి, "ఈవిడ మా అక్కండి" అంది.

ఆ రోజు ఆవిడ మిషను ఆపి అంతా చెప్పింది. తండ్రి చిన్నప్పుడే పోయాడు. చందర్లపాడు దగ్గర పల్లెలో తల్లి మిరపకాయ కోతలకీ, పత్తి తీయడానికీ వెళ్ళి ఇద్దర్నీ పెంచింది. అక్కకి చదువు అబ్బింది. చెల్లెలు పదో తరగతితో ఆగి కుట్టుపని నేర్చుకుంది. తల్లి చివరి రెండేళ్ళూ నందిగామలో అక్క దగ్గర ఉంది. చెల్లెలికి ఆపరేషనయి కూతురు పుట్టిన మూడో రోజున తల్లి పోయింది. పచ్చి బాలింతకి చావు కబురు చెప్పకూడదని పెద్దవాళ్ళంతా అనుకుని, నందిగామలోనే సమాధి చేసి, తొమ్మిదో రోజున చెల్లెలికి చెప్పారు.

"గంట ప్రయాణమండి టీచర్ గారూ. కారులో పడుకోబెట్టి తీసుకెళ్తే చచ్చిపోయేదాన్నా?" అంది.

ఆవిడని లోపల తినేస్తున్నది అదొక్కటే కాదు. చివరి రోజుల్లో అమ్మ నన్నేమన్నా అడిగిందా అని అక్కని పదేపదే అడిగిందట. అక్క ఒకసారి ఏమీ అనలేదంది. ఒకసారి అప్పటికి అమ్మకి స్పృహ లేదంది. ఇంకోసారి ఇప్పుడవన్నీ ఎందుకని విసుక్కుంది. ఇట్లా తలోరకం జవాబు విన్నాక, అమ్మ తనకోసం ఏదో మాట వదిలి వెళ్ళిందనీ, అక్క దాన్ని దాచుకుందనీ చెల్లెలు గట్టిగా నమ్మింది. రాకపోకలు ఆగిపోయాయి. నాకు చెప్పేనాటికి పదేళ్ళు దాటింది.

మర్నాడు స్టాఫ్ రూములో అక్కని కదిపాను. ఆవిడ తింటున్న డబ్బాకి మూత పెట్టేసి, "అది వదిలెయ్యండి మేడమ్" అంది.

నేనూ వదిలెయ్యాల్సింది. కానీ జవాబు రాయకుండా వదిలేసిన ప్రశ్న కనపడితే ఊరుకోలేని టీచరు బుద్ధి నాది. పైగా రోజూ సాయంత్రం ఆ సోఫాల్లో ఇంతకన్నా పెద్ద చిక్కులు విడిపోవడం చూస్తున్నాను. ఆ ప్రోగ్రాంలో తెర కింద ఒక ఫోన్ నంబరు పోతుండేది. ఎన్నో ఏళ్ళుగా చూస్తున్న ఆ నంబరుని ఒకరోజు కాగితం మీద రాసుకున్నాను. అత్తగారు అది గమనించింది.

"చూడటం వేరు, పంపటం వేరమ్మాయ్" అంది.

ఆవిడ మాట నాకు చాదస్తంగా అనిపించింది. ఫోన్ చేశాను. ఎత్తిన అమ్మాయి విషయమంతా విని, వాళ్ళు కెమెరా ముందు బాగా ఓపెన్ అవుతారా మేడమ్ అని అడిగింది. కొంతమంది తీరా వచ్చాక బిగుసుకుపోతారట, అలాంటివాళ్ళతో కష్టమట. నేను పెళ్ళిసంబంధం కుదిర్చేదానిలాగా ఇద్దర్నీ పొగిడాను. అక్క చదువుకున్నావిడ, చెల్లెలు కల్లాకపటం లేని మనిషి, ఇద్దరి మనసులోనూ ఎంతో ఉంది, అడిగేవాళ్ళు లేరంతే అన్నాను. ఆ అమ్మాయికి బాగా నచ్చింది.

ఇద్దర్నీ ఒప్పించింది కూడా నేనే. ఎలా ఒప్పించానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. చెల్లెలితో, అక్కడ అందరి ముందూ అడిగితే మీ అక్క చెప్పక తప్పదమ్మా అన్నాను. అక్కతో, మీ చెల్లెలు కలిసిపోవాలని చూస్తోంది, తనే వస్తానంది అన్నాను. రెండూ పూర్తిగా అబద్ధాలు కావు. కాకపోతే ఒకరితో చెప్పింది రెండోవారితో చెప్పలేదు. చెల్లెలు జవాబు కోసం బయల్దేరింది, అక్క చెల్లెలి కోసం బయల్దేరింది.

హైదరాబాదు బస్సులో అక్క ఒక వరసలో, చెల్లెలూ ఆవిడ కూతురూ ఇంకో వరసలో. మధ్యలో నేను. సూర్యాపేటలో బస్సాగితే నేను దిగి టీలు తెచ్చాను. నేను వచ్చేసరికి అక్క ముందుకు వంగి, నాతో కాకుండా నేరుగా చెల్లెల్ని, "పిల్ల ఎన్నో క్లాసు?" అని అడుగుతోంది.

"ఐదు" అంది చెల్లెలు.

"లెక్కలు వచ్చా?"

"నీ పోలికే. సోషలంటే ఇష్టం."

అంతే మాట్లాడుకున్నారు. ఆ తర్వాత పిల్ల వెళ్ళి పెద్దమ్మ పక్కన కూర్చుంది. అక్క సంచిలోంచి జామకాయ తీసిచ్చింది. అన్నేళ్ళకి వాళ్ళిద్దరి మధ్యా నడిచిన మొదటి మాటలవి. నేను టీ గ్లాసులు పట్టుకుని నిలబడి, ప్రోగ్రాం ఎంత బాగా వస్తుందో అనుకున్నాను. ఏదో వంక చెప్పి అక్కడే దింపేసి, ఎదురుగా వచ్చే బస్సెక్కించి ఉంటే ఆ జామకాయతోనే అంతా సర్దుకునేదేమో. ఆ రోజు గుర్తొచ్చినప్పుడల్లా నాకు ముందు గుర్తొచ్చేది సూర్యాపేట బస్టాండే.

స్టూడియోలో ఇద్దర్నీ వేర్వేరు గదుల్లో కూర్చోబెట్టారు. సన్నగా, మర్యాదగా ఉన్న ఒకతను కాగితాలు పట్టుకుని ఈ గదిలోంచి ఆ గదిలోకి తిరుగుతున్నాడు. చెల్లెలి దగ్గరికి వచ్చి, మీ అక్క మిమ్మల్ని చదువులేదని చులకనగా చూస్తారంట కదా అన్నాడు. అక్క అటువంటి మాట అనదని నాకు తెలుసు. అక్కడే ఉన్నాను. అయినా నోరు మెదపలేదు. పెద్దవాళ్ళ పనిలో మనం వేలు పెట్టకూడదన్నట్టు ఊరుకున్నాను. చెల్లెలి మొహం ఎర్రబడింది. అతను కాగితం మీద ఏదో రాసుకుని వెళ్ళిపోయాడు.

లోపల విపరీతమైన చలి. టీవీలో గోడల్లా కనపడేవి అట్టలు. నన్ను వెనక వరసలో కూర్చోబెట్టారు, మా అత్తగారు మొహాలు చూసే ఆ వరసలోనే. ఎప్పుడు చప్పట్లు కొట్టాలో ఒకమ్మాయి చెయ్యెత్తి చూపిస్తుందని ముందే చెప్పారు.

మొదట చెల్లెలు మాట్లాడింది. గదిలో ఎక్కించిన కోపమంతా బయటికొచ్చింది. అమ్మ మొహం చూడనివ్వలేదనీ, అమ్మ చివరి మాట దొంగిలించిందనీ అంది. అక్క చేతులు ఒళ్ళో పెట్టుకుని వింటూ కూర్చుంది. ఆ బొట్టావిడ అక్క వైపు తిరిగి, ఒక్క మాట కోసం చెల్లెలు ఇన్నేళ్ళుగా ఎదురు చూస్తోంది, ఆ మాట ఇవ్వలేరా అని అడిగింది. అక్క తల అడ్డంగా ఊపింది. మళ్ళీ అడిగింది. ఇక్కడ చెప్పకపోతే ఇంకెక్కడ చెప్తారమ్మా, మనసులో భారం దింపుకోండి అంది. అక్క వెనక్కి తిరిగి నా వైపు చూసింది. నేను చెప్పమన్నట్టు తలూపాను.

అప్పుడు చెప్పింది.

"మా అమ్మకి మతిమరుపు జబ్బండి. చెల్లికి నెలలు నిండి రాలేని రోజుల్లో బాగా ముదిరింది. చివర్లో నన్నొక్కదాన్నే గుర్తుపట్టేది. చెల్లికి పాప పుట్టిందమ్మా అని చెప్పా. చెల్లెవరు అంది. నాకు ఒకతే కూతురు, నువ్వేగా అంది."

చెల్లెలు అక్క మొహంలోకి చూసి, తర్వాత నేల వైపు చూసింది. అక్క ఇంకేదో చెప్పబోయి, ఆ తర్వాత రోజు అని మొదలుపెట్టింది. ఆ లోపలే బొట్టావిడ లేచి వచ్చి ఆవిడ భుజం మీద చెయ్యి వేసింది. చెల్లెలి మనసు నొప్పించకూడదని ఇన్నేళ్ళు ఈ అక్క నింద మోసిందని మాకందరికీ చెప్పింది. ఒకరి చెయ్యి తీసి ఇంకొకరి చేతిలో పెట్టింది. ఇద్దరూ కౌగిలించుకున్నారు. చప్పట్ల అమ్మాయి చెయ్యెత్తింది. నేను ఏడుస్తూ చప్పట్లు కొట్టాను.

చెల్లెలి మొహం కెమెరాకి సరిగా పడలేదని ఇంకోసారి కౌగిలించుకోమన్నారు. కొంచెం ఇటు తిరిగి నిలబడమన్నారు. వాళ్ళు చెప్పినట్టే చేశారు. నేను రెండోసారి కూడా చప్పట్లు కొట్టాను.

తిరుగు బస్సులో పిల్ల పెద్దమ్మ పక్కకి వెళ్ళబోతే చెల్లెలు చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. జగ్గయ్యపేటలో దిగేటప్పుడు, వస్తానమ్మా అని అక్క లోపలినుంచి అంటే, చెల్లెలు వినపడనట్టు దిగిపోయింది.

మూడు వారాల తర్వాత వేశారు. ఆ రోజు మా ఇంట్లో మావారితో సహా అందరం, పక్కింటివాళ్ళతో కలిసి కూర్చున్నాం. వేణువు మీద ఏదో విషాదమైన పాట కలిపారు. అక్క ఆ మాట అనగానే చెల్లెలి కళ్ళని తెరనిండా చూపించి, వెంటనే కౌగిలింత చూపించారు, రెండోసారిది. మధ్యలో అక్క చెప్పబోయిన మాట లేదు, భుజం మీద చెయ్యి వేసి ఆపడం లేదు. వెనక వరసలో ఏడుస్తూ నేను ఒక్క క్షణం కనపడ్డాను. పక్కింటావిడ నన్ను మెచ్చుకుని, పుణ్యం కట్టుకున్నావంది. బంధువులు ఫోన్లు చేశారు. అందరూ వెళ్ళిపోయాక అత్తగారు టీవీ కట్టేసి, "ఆ పెద్దమ్మాయి మొహం చూశావా? ఇక చాలు ఆపండని దణ్ణం పెడతన్నట్టుంది" అంది. అదొక్కటే అంది.

కొద్ది రోజులకి ఆ ముక్క ఫోన్లలోకి వచ్చింది. చెల్లెలు ఏడుస్తున్న బొమ్మ మీద, నువ్వెవరని అడిగిన కన్నతల్లి అని పెద్దక్షరాలు. జాకెట్లు ఇవ్వడానికొచ్చిన ఆడవాళ్ళంతా చెల్లెల్ని అదే అడిగేవారు. జాలితోనే అడిగేవారు, అందులో కల్మషం లేదు. మీ అమ్మ నిన్ను నిజంగానే మర్చిపోయిందా, పాపం, అనేవారు. ఆవిడ నోట్లో గుండుసూదులు పెట్టుకుని కొలతలు తీసుకుంటూ తలూపేది. కూతుర్ని స్కూల్లో పిల్లలు, మీ అమ్మమ్మకి మీ అమ్మ తెలీదంట కదా అన్నారట. నందిగామలో అక్క క్లాసులోకి వెళ్ళగానే ఆడపిల్లలు గుసగుసలాడుకునేవారు. ఆవిడ నన్నేమీ అనలేదు. మధ్యాహ్నం మాత్రం తన డబ్బా తీసుకుని లైబ్రరీ గదిలోకి వెళ్ళి తినడం మొదలుపెట్టింది.

రెండు నెలలయ్యాక ఒకరోజు నేనే లైబ్రరీలోకి వెళ్ళి, ఆ రోజు ఏదో చెప్పబోయి ఆగిపోయారు కదా అని అడిగాను. ఆవిడ చెప్పాలా వద్దా అని ఆలోచించుకుని, చెప్పింది. చెల్లెవరు అని అడిగిన మర్నాడు తల్లికి బట్టలు మారుస్తోందట. అది చెల్లెలు కుట్టి పంపిన జాకెట్టు. తల్లి ఆ చంక దగ్గర కుట్టుని బొటనవేలితో రాస్తూ చాలాసేపు కూర్చుందట.

"నా ఒళ్ళు తెలిసినోళ్ళెవరో కుట్టారే ఇది, అంది మేడమ్. మూడుసార్లు అంది. ఈ జాకెట్టు మాటతో కలిపితేనే ఆ మొదటి మాట చెప్పాలనుకున్నా. ఇది లేకుండా అది చెప్పకూడదనే ఇన్నేళ్ళు ఊరుకున్నా. రెండూ కలిపి చెప్పే ధైర్యం చాల్లేదు."

అయితే వెళ్ళి చెల్లెలితో చెప్పమన్నాను. ఆవిడ నవ్వింది. ఇప్పుడు చెప్తే కల్పించి చెప్తున్నాననుకుంటుందని అంది.

నేను ఆ సాయంత్రం బస్సు దిగి ఇంటికి పోకుండా తిన్నగా చెల్లెలి గదికి వెళ్ళాను. విన్నది విన్నట్టు చెప్పాను. ఆవిడ మిషను ఆపింది. చక్రం మీద చెయ్యి అలాగే ఉంచింది.

"మరి అక్కడ ఎందుకు చెప్పలేదండి?" అంది.

"చెప్పబోతుంటేనే ఆపేశారమ్మా. నువ్వూ అక్కడే ఉన్నావుగా."

ఆవిడ నిజంగానే గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించింది. నాకు తెలుస్తూనే ఉంది. తర్వాత తల అడ్డంగా ఊపింది.

"లేదండి. ఎన్నిసార్లు చూశానో. అక్క ఆ మాటనేసి ఊరుకుంది. ఆవిణ్ణెవరూ ఆపలా."

నేను ఎంత చెప్పినా వినలేదు. నాలుగడుగుల దూరంలో కూర్చుని తన చెవులతో విన్న మనిషి. తన కళ్ళ ముందు జరిగింది పోయి, ఫోనులో పదేపదే చూసిందే ఆవిడకి జరిగినట్టయింది. ఆ ప్రోగ్రాం నాకెందుకంత నచ్చేదో, దాని మీద నాకిప్పుడు ఎందుకంత వెగటో రెండూ ఆ గదిలో నిలబడ్డప్పుడే తెలిశాయి. ఇళ్ళల్లో ఏదీ తేలదని విసుక్కునేదాన్ని. తేలకుండా ఉండిపోయిన చోట ఇంకో మాటకి చోటుంటుంది. సూర్యాపేటలో పిల్ల ఎన్నో క్లాసని అడిగినట్టు, ఏ రోజైనా ఎవరో ఒకరు అడగొచ్చు. అక్కడ తేల్చేశాక ఇక అడగడానికి ఏమీ మిగల్లేదు. వాళ్ళ కష్టంలో నేను చూడాలనుకున్నది చివరి ఐదు నిమిషాల ఏడుపే. ఇద్దర్నీ చేతులు పట్టి తీసుకెళ్ళి అది చూసి వచ్చాను.

నేనిప్పుడు ఏడింటికి టీవీ ముందు కూర్చోను. మా అత్తగారు ఇప్పటికీ చూస్తుంది. ఆవిణ్ణి తప్పుపట్టలేను. ఆవిడ ఎవర్నీ పంపలేదు.

పోయిన వేసవిలో అక్క కూతురి పెళ్ళి జరిగింది. అక్క తనే జగ్గయ్యపేట వచ్చి చెల్లెలికి శుభలేఖ ఇచ్చి వెళ్ళింది. గడప దగ్గరే నిలబడి ఇచ్చిందట, లోపలికి రమ్మంటే బస్సు టైమయిందందట. చెల్లెలు కూతుర్ని తీసుకుని పెళ్ళికి వచ్చింది. నందిగామ చర్చిలో చివరి బెంచీ మీద కూర్చుంది. ప్రార్థనలయ్యాక ఫంక్షన్ హాల్లో ఇద్దరూ ఎదురుపడ్డారు. చుట్టూ ఉన్నవాళ్ళు మాటలాపేశారు. ఇద్దరు ముగ్గురు ఫోన్లు పైకెత్తారు. మళ్ళీ కౌగిలించుకుంటారని అందరూ ఎదురు చూస్తున్నారు. అక్కచెల్లెళ్ళకి ఆ సంగతి తెలిసింది. ఇద్దరి భుజాలూ బిగుసుకున్నాయి.

"భోంచేసి వెళ్ళు" అంది అక్క.

"సరే అక్కా" అంది చెల్లెలు.

అక్క పెళ్ళికొడుకు వాళ్ళ వైపు వెళ్ళిపోయింది. ఫోన్లు కిందికి దిగాయి. నేను వెళ్ళి బంతిలో చెల్లెలి పక్కన కూర్చున్నాను. ఇన్నాళ్ళూ అనలేకపోయిన మాట అప్పుడు అన్నాను. మిమ్మల్ని అక్కడికి తీసుకెళ్ళి తప్పు చేశానమ్మా, అన్నాను. ఆవిడ తల ఎత్తలేదు. కూతురి ఆకులో అప్పడం విరిచి పెట్టింది. "అన్నం చల్లారిపోతంది, తినండి టీచర్ గారూ" అంది. పప్పు తెస్తున్న అబ్బాయిని పిలిచి నాకు వడ్డించమంది.